సూదికన్నా ముందు సమాచారం



ఈమధ్య భద్రాచలం దగ్గరి ఒక కోయగూడెంలో సమావేశం ముగిశాక, ఒక తల్లి నా చేతికి ఫోన్ ఇచ్చింది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా ఆడపిల్లలకు వేసే హెచ్.పి.వి. టీకా గురించి అందులో రెండు వీడియోలున్నాయి. ఆ టీకా ప్రాణం తీస్తుందని ఒకటి, వేయించుకుంటే ఇక ఏ పరీక్షా అక్కర్లేదని ఇంకొకటి. "ఏది నమ్మాలక్కా?" అందామె.

రెండూ తప్పే. టీకా రక్షణ ఇస్తుందని అనేక దేశాల అనుభవం చెబుతోంది. అయితే అప్పటికే సోకిన వైరస్‌ను అది పోగొట్టదు. వేయించుకున్నవాళ్ళకు కూడా ముప్పై దాటాక పరీక్షలు అవసరమే.

ఈ నాలుగు మాటలూ చెప్పి వచ్చేయవచ్చు. కానీ ఆమె భయాన్ని అజ్ఞానమని కొట్టిపారెయ్యలేం. దానికొక చరిత్ర ఉంది.

2009 జులైలో పాత్ అనే అమెరికా సంస్థ, ఐ.సి.ఎం.ఆర్., రాష్ట్ర ప్రభుత్వం కలిసి అప్పటి ఖమ్మం జిల్లాలో 10-14 ఏళ్ళ బాలికలు సుమారు 14 వేల మందికి ఈ టీకా వేయించడం మొదలుపెట్టాయి. వారిలో ఎందరో హాస్టళ్ళలో ఉండి చదువుకునే ఆదివాసీ పిల్లలు. 2010 మార్చిలో 'సమ' అనే మహిళా సంస్థ భద్రాచలం వెళ్ళి విచారించింది. ఏప్రిల్‌లో కార్యక్రమం ఆగింది. ఇక్కడా, గుజరాత్‌లోని వడోదరలోనూ కలిపి ఏడుగురు బాలికలు చనిపోయారు. ఆ మరణాలకు టీకా కారణమనడానికి ఆధారం లేదని 2011లో విచారణ కమిటీ చెప్పింది. అంగీకారం తీసుకున్న తీరును మాత్రం తప్పుపట్టింది. 2013 ఆగస్టులో పార్లమెంటరీ స్థాయీ సంఘం లెక్కలు బయటపెట్టింది: 9,543 అంగీకార పత్రాల్లో 1,948 వేలిముద్రలు, 2,763 హాస్టల్ వార్డెన్ల సంతకాలు.

వేలిముద్ర వేసిన తల్లికి ఆ కాగితం ఎవరు చదివి వినిపించారు? ఏ భాషలో? వార్డెన్ సంతకం చేసినచోట అసలు తల్లి ఏది? చెప్పవలసినవాళ్ళు చెప్పకపోతే ఆ ఖాళీలోకి పుకారు వచ్చి కూర్చుంటుంది. నిన్న ఊళ్ళో తిరిగిన పుకారే ఇవాళ ఫోన్‌లో తిరుగుతోంది.

ఇంటర్నెట్‌లోని వైద్య సమాచారాన్ని తూచడానికి 1997లో ఒక అమెరికన్ వైద్య పత్రిక నాలుగు కొలతలు సూచించింది. వాటిని మన మాటల్లో చెప్పుకుందాం. ఎవరు చెబుతున్నారు? ఏ ఆధారంతో? ఎప్పటి మాట? వెనక ఎవరి డబ్బుంది? ఆ తల్లీ నేనూ కలిసి రెండు వీడియోలనూ ఈ ప్రశ్నలు అడిగాం. ఒక్కదానికీ జవాబు లేదు.

ఇవే ప్రశ్నలు టీకా తెచ్చే ప్రభుత్వాన్నీ, కంపెనీనీ, మనలాంటి సంస్థలనూ అడిగే హక్కు ఆమెకుంది. జవాబు ఆమె భాషలో, సూదికన్నా ముందే అందాలి. అప్పుడు ఆమె 'సరే' అన్నా, 'వద్దు' అన్నా అది ఆమె నిర్ణయమవుతుంది.