మనవల జర్మనీ చదువు – మన రిటైర్మెంటు సొమ్ము
(సంఘ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల గురించి, మెడికల్ రీయింబర్స్‌మెంటు గురించి పెద్దలు సవివరంగా మాట్లాడారు. కార్యదర్శి గారు నాకు వేరొక విషయం అప్పగించారు. "మనవడు ఇంటర్ కాగానే జర్మనీ పోతానంటున్నాడు, అక్కడ ఫీజు లేదట, ఫిక్స్‌డ్ డిపాజిట్ తీసి ఇమ్మంటున్నారు, ఏం చేయమంటారు?" అని మన సభ్యులు పలువురు అడుగుతున్నారు. మా మనవరాలు అక్కడే ఇంజనీరింగ్ డిగ్రీ చదువుతున్నది కనుక నేను తెలుసుకొన్న సంగతులు మీ ముందుంచుతాను.

ఫీజు లేదన్న మాట చాలావరకు నిజమే. 2006–07 ప్రాంతంలో కొన్ని రాష్ట్రాలు ఫీజు పెట్టినా, 2014 నాటికి అన్నీ ఎత్తివేశాయి. అయితే బాడెన్-వ్యుర్టెంబర్గ్ రాష్ట్రం 2017 నుంచి మనవంటి దేశాల విద్యార్థుల వద్ద సెమిస్టరుకు 1,500 యూరోలు తీసుకొంటున్నది. మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ కూడా 2024లో బ్యాచిలర్ కోర్సులకు 2,000 నుంచి 3,000 యూరోల వరకు ఫీజు ప్రవేశపెట్టింది. ప్రైవేటు కళాశాలల సంగతి సరేసరి. కన్సల్టెన్సీ వారు "జర్మనీలో చదువు ఉచితం" అని మొదలుపెట్టి ప్రైవేటు కళాశాల కాగితం చేతిలో పెడితే, అది ప్రభుత్వ విశ్వవిద్యాలయమా కాదా అని ముందుగా అడగండి.

ఫీజు లేకున్నా బ్రతుకు తెరువుకు డబ్బు కావాలి కదా! వీసాకు వెళ్ళేముందే "బ్లాక్డ్ అకౌంట్" అని పిల్లల పేరిట ఒక ఖాతా తెరచి, ఏడాది ఖర్చు జమ చేయాలి. 2024 సెప్టెంబరు నుంచి ఆ మొత్తం 11,904 యూరోలు. యూరో 100 రూపాయలనుకొన్నా దాదాపు 12 లక్షలు. ఇది ఎవరికో కట్టే రుసుము కాదు. అక్కడికి వెళ్ళాక నెలకు 992 యూరోల చొప్పున ఆ పిల్లవానికే వస్తుంది. అందులోనే గది అద్దె, తిండి, 140 యూరోలకు పైబడిన హెల్త్ ఇన్సూరెన్సు.

ఇక అర్హత. మన ఇంటర్మీడియట్‌ను వారు తమ పన్నెండో తరగతితో నేరుగా సమానంగా చూడరు. మూడు దారులున్నాయి. ఇక్కడ గుర్తింపు పొందిన కళాశాలలో డిగ్రీ మొదటి సంవత్సరం పూర్తిచేసి అదే శాఖలో దరఖాస్తు చేయటం ఒకటి. జె.ఇ.ఇ. అడ్వాన్స్‌డ్‌లో ఉత్తీర్ణులై సాంకేతిక, సైన్సు కోర్సులకు వెళ్ళటం రెండవది. "స్టూడియెన్‌కొల్లెగ్" అనే సన్నాహక కళాశాలలో సాధారణంగా ఏడాది చదివి, పరీక్ష నెగ్గటం మూడవది. మా అమ్మాయి ఈ మూడవ దారిన వెళ్ళింది. వీటికి తోడు, 2022 నవంబరు నుంచి మన సర్టిఫికెట్లను ఢిల్లీలోని ఎ.పి.ఎస్. అనే సంస్థ పరిశీలించి ధ్రువపత్రం ఇవ్వాలి. దాని రుసుము 18,000 రూపాయలు.

అన్నిటికంటె పెద్ద మెట్టు భాష. ఎం.ఎస్.కు ఇంగ్లీషు కోర్సులు చాలా ఉన్నాయి. డిగ్రీలో మాత్రం ఎక్కువ భాగం జర్మన్‌లోనే బోధిస్తారు. మా మనవరాలు హైదరాబాదులో ఎనిమిది నెలలు జర్మన్ నేర్చుకొని వెళ్ళింది. అయినా "తాతయ్యా, మొదటి నెల క్లాసులో బోర్డు మీది అంకెలు తప్ప ఏమీ అర్థం కాలేదు" అని ఫోనులో చెప్పింది. ఇప్పుడు అక్కడి పిల్లలతో కలిసి ల్యాబ్ రిపోర్టులు జర్మన్‌లో రాస్తున్నది. ఆ మధ్యకాలం ఎలా గడిచిందో మా ఇంట్లో అందరికీ తెలుసు.

పరీక్షల సంగతి కూడా చెప్పాలి. అక్కడ 1.0 అంటే ఉత్తమ శ్రేణి, 4.0 దాటితే తప్పినట్లే. తప్పనిసరి సబ్జెక్టు సాధారణంగా మూడుసార్లు తప్పితే ఆ కోర్సు నుంచి తొలగిస్తారు. అదే కోర్సు జర్మనీలో మరో విశ్వవిద్యాలయంలో చదవటానికీ వీలుండదు. మన సప్లిమెంటరీల పద్ధతికి అలవాటుపడిన పిల్లలకు ఈ మాట బయలుదేరక ముందే చెప్పాలి.

పని చేసుకొని చదువుకోవచ్చును. 2024 మార్చి నుంచి ఏడాదికి 140 పూర్తి రోజులు, లేదా 280 అరపూటలు అనుమతి. 2026 జనవరి నుంచి కనీస వేతనం గంటకు 13.90 యూరోలు. కాని మొదటి ఏడాది ఈ సంపాదన మీద లెక్కలు వేయకండి. భాష రానిదే పని దొరకటం కష్టం, పనికి పోతే భాష వెనుకబడుతుంది. డిగ్రీ అయ్యాక ఉద్యోగం వెతుక్కోవటానికి 18 నెలలు గడువు ఇస్తారు.

సన్నాహక సంవత్సరంతో కలిపి నాలుగు, నాలుగున్నర ఏండ్ల చదువు. వీసా పొడిగించినప్పుడల్లా మళ్ళీ డబ్బు చూపాలి. కనుక ఒక్క ఏడాది 12 లక్షలు చూసి సరే అనకండి, నాలుగేండ్లకు లెక్క వేయండి. అందులో బ్యాంకు విద్యా రుణమెంత, పిల్లల తల్లిదండ్రులు భరించేదెంత అని కాగితం మీద పెట్టించండి. మా ఇంట్లో నా వంతు మొదటి సంవత్సరం సొమ్ములో సగం. మా ఆవిడ వైద్యానికని ఉంచిన డిపాజిట్ జోలికి పోలేదు, ఇల్లు తాకట్టు పెట్టలేదు. ఆ సంగతి మా అబ్బాయికి ముందే స్పష్టంగా చెప్పాను. అతడూ బాధపడలేదు.

ముందు ఆరు నెలలు ఇక్కడ జర్మన్ నేర్పించండి. ఆ ఖర్చు వేలల్లోనే ఉంటుంది. పిల్లవాడు ఆ ఆరు నెలలు పట్టుదలగా చదివితే అప్పుడు లక్షల గురించి ఆలోచించవచ్చు. వివరాలు కావలసిన సభ్యులు సభానంతరం నన్ను కలిస్తే నా వద్దనున్న కాగితాలు చూపగలను.