పాత అంబాసిడరునకు ఇనుప ఊత



నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతములలో తండ్రులనాటి అంబాసిడరు కారును అమ్మక, పంచలో గుడ్డ కప్పి కాపాడుకొనుచున్న కుటుంబములు ఇంకను కొన్ని కలవు. ఆ యిండ్ల యువకులు ఇటీవల ఒక కోరిక కోరుచున్నారు. ముందుమూత క్రింద ఇంజనుండు గదిలో ఇనుపకమ్మి అడ్డముగా వేయించినచో బండి గట్టిపడునట. అందులకు సొమ్మిచ్చుటయా, మానుటయా యని పెద్దలు నన్నడుగుచున్నారు. నా శిష్యులిద్దరు నంద్యాలలో కార్లు బాగుచేయు షెడ్డు నడుపుచున్నందున, వారి చెంత కూర్చుండి తెలిసికొన్నది మనవి చేసెదను.

నులకమంచము పట్టెలు వదులైనప్పుడు ఏమగునో మీరెఱుగుదురు. ఏ కఱ్ఱయు విరుగదు. అయినను మంచము ఒక ప్రక్కకు ఒరుగును. నాలుగు భుజముల ఆకృతికి ఈ దౌర్బల్యము సహజము. మూలనుండి మూలకు ఒక బద్ద కొట్టినచో రెండు త్రిభుజములేర్పడును. భుజముల పొడవు మారనిదే త్రిభుజము రూపు మారదు. వడ్రంగి తలుపు వెనుక ఏటవాలుగా బద్ద కొట్టుట ఇందులకే.

జీపునకు, ఎద్దుబండికి నొగలవలె, అడుగున రెండు ఇనుప దూలములుండును. వానిపై గూడు నిలుచును. అంబాసిడరు అట్టిది కాదు. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణి కారు ననుసరించి హిందూస్థాన్ మోటార్సువారు బెంగాలులోని ఉత్తర్‌పారాలో 1950వ దశకపు చివరనుండి 2014 వరకు దీనిని తయారుచేసిరి. (1991 ఉపయెన్నికలో మన నంద్యాల లోకసభకు పంపిన పి.వి. నరసింహారావుగారి కాలమున నాయకుల వాహనమనగా ఇదియే.) ఇందు రేకులు మడిచి అతికిన గూడే చట్రము. మనుష్యులు కూర్చుండు భాగమునకు పైకప్పు కలదు. ఇంజను గదికి తెరచుకొను మూతయే కాని కప్పు లేదు. మూత లేని పెట్టెను రెండు చేతులతో మెలిపెట్టి చూడుడు, సంగతి తెలియును.

ఇక మన నేల. కుందూ లోయలోని నల్లరేగడి వానకు ఉబ్బును, ఎండకు బీటలువారును. పెద్దరహదారి బాగుగనే యున్నది కాని, దానిని విడిచి ఊరిదారి పట్టిన వెంటనే ఒక చక్రము గుంతలోను, మఱొకటి మిట్టమీదను ఉండును. బండి మెలిపడుట అప్పుడే. కావున ఊత కోరుట వెఱ్ఱి కాదు.

అయితే ముందు చేయవలసినది వేఱొకటి కలదు. బండిని సమతలమున నిలిపి తలుపులు తెఱచి మూయుడు. పిదప ఒక మూలను జాకీతో కొద్దిగా ఎత్తి మరల మూయుడు. తలుపు రాచుకొన్నను, గడియ పడకున్నను, తలుపు క్రింది గడపపెట్టెయో, నేలరేకో తుప్పు తినియుండవచ్చును. అట్టి బండికి ముందు కమ్మి వేయుట చెదపట్టిన స్తంభమునకు రంగు వేయుటయే. సొమ్ము మొదట ఆ తుప్పునకే పోవలెను. ఈ విషయమున నాకు సందేహము లేదు.

అంగడిలో దొరకు కమ్మి తెచ్చి బిగింతుమనుట మఱొక పొరపాటు. అవి మారుతి 800 వంటి కార్లకు తగినవి. వానియందు ముందుచక్రముల స్ప్రింగుల బరువు ఇంజను గది ప్రక్కలనున్న రెండు గోపురములపై పడును; ఆ గోపురములను కమ్మి కలుపును. అంబాసిడరునకు ముందు చుట్టల స్ప్రింగులు లేవు. మెలిపడు పొడవైన ఉక్కుకడ్డీలు క్రింద వెనుకకు సాగి నేల అడుగున బిగింపబడియుండును, బరువంతయు క్రిందనే. కనుక దీనికి ఇంజను వెనుక గోడనుండి ముందు మూలలకు ఏటవాలుగా సాగు గొట్టములు తగును.

గొట్టము తిన్ననిది కావలెను. వంచినది విల్లువలె సాగును. పలుచని రేకు నడుమ రంధ్రము చేయరాదు. రెండు రేకులు కలియు గట్టిచోట, వెనుక మందపు పలక పెట్టి బిగింపవలెను. ఇంజను రబ్బరు దిమ్మలపై ఊగునది గనుక దానికి తగులనంత ఎడముండవలెను. బిగించునప్పుడు బండి తన నాలుగు చక్రములపై సమముగా నిలువవలెను. జాకీపై నుండగా బిగించినచో ఆ వంకరయే స్థిరపడును.

వెల్డింగు మాత్రము వలదు. 2021 జులైలో కేంద్రప్రభుత్వము చేసిన నియమము ప్రకారము, మొదటి రిజిస్ట్రేషను నుండి 50 సంవత్సరములు దాటిన కారు ప్రాచీన వాహనముగా నమోదు కావలెనన్న, మూలరూపమున నుండవలెను. చట్రమునందును, గూటియందును, ఇంజనునందును మార్పు ఉండరాదు. డీజెలు ఇంజను పెట్టించిన వారికి ఆ ద్వారము మూతపడినట్లే. అట్లు నమోదైన బండిని నిత్యము నడుపరాదనియు కలదు. 1988 నాటి మోటారు వాహన చట్టము 52వ విభాగము సయితము తయారీదారు నిర్ణయించిన రూపమును మార్చుటను నిషేధించుచున్నది. కాబట్టి మరలతో బిగించి, కోరినప్పుడు తీయదగినదిగా నుంచుడు; అదియును రవాణా కార్యాలయమున విచారించిన పిమ్మటనే.

బిగించిన పిదప ఒకమారు అహోబిలమునకు పోయి వచ్చి, మరలు మరల బిగించి చూచుకొనుడు. రంధ్రముల అంచులకు రంగు పూయుట మఱవవలదు. తుప్పు అచ్చటనే మొదలగును.