మెట్లరిగిన వీణ

మన ఇండ్లలో వీణ యొకటి గవిసెన తొడుగుకొని గోడవారగానో, మంచము క్రిందనో పడియుండుట వింత కాదు. "ఎవరు వాయించెదరండీ?" అని అడిగినచో, "మా అత్తగారు వాయించెడివారు, ఇప్పుడది పలుకుట లేదు" అని బదులు వచ్చును. వీణ పలుకుట లేదనగా నేమి? కుండ పగిలినదా? దండి విరిగినదా? పెక్కుచోట్ల ఈ రెండును కావు. మెట్లు అరిగినవి, వానిని నిలిపియుంచిన మైనము జారినది. అంతే. ఈ సంగతి మాకును మొదట తెలియదు. తెలియకపోవుటచే ఒక బాలికకు మేము చేసిన అన్యాయమును ముందుగా చెప్పుకొని, పిమ్మట విషయమునకు వచ్చెదము.

మా ఇంట రెండు తరములనుండి వచ్చుచున్న వీణ కలదు. మా తమ్ముని కుమార్తె పదియవ యేట దానిమీద పాఠము మొదలుపెట్టినది. సరళీస్వరములు, జంటస్వరములు బాగుగనే సాగినవి. పైస్థాయి వరుసలకు వచ్చుసరికి స్వరము తప్పసాగినది. పిల్ల నోటితో పాడినచో సరిగా పాడును. వీణమీద మాత్రము పై షడ్జమము వెంట్రుకవాసి తగ్గి పలుకును. తీగలు మార్పించి చూచితిమి. ఫలము లేదు. శ్రద్ధ లేదంటిమి, చెవి లేదంటిమి. రెండేండ్లు ఈ మాటలు విన్న పిదప ఆ పిల్ల ఒకనాడు వీణకు గవిసెన తొడిగి, "నాకు వీణ రాదులెండి, పెదనాన్నగారూ" అనినది. మేమును సరే యంటిమి.

కొన్నాళ్లకు వీణలు చేయు పనివారొకరు వేరొక పనిమీద మా ఇంటికి వచ్చి, ఆ వీణను చూపుమని అడిగిరి. సారణి తీగను నాలుగైదు మెట్లమీద నొక్కి మీటిరి. దండివెంట కన్ను సారించి చూచిరి. "పిల్ల చెవిలో లోపం లేదు బాబూ! మేళం జారిపోయింది" అనిరి. మాకు తల వంచుకొనవలసి వచ్చినది.

సరస్వతీ వీణకు 24 మెట్లు. వానిపై వాయించు తీగలు నాలుగు. ప్రక్కన తాళమునకు మూడు. మెట్లు ఇత్తడి కడ్డీలో, కంచు కడ్డీలో అయియుండును. దండికి ఇరువైపుల పొడవునా మైనపు గట్లు రెండు పోసి, ఆ గట్లమీద మెట్లను అడ్డముగా నిలుపుదురు. ఇట్లు నిలుపుటనే మేళము కట్టుట యందురు.

గిటారు సంగతి వేరు. దానిలో మెట్టుకు గాడి తీసి, కడ్డీని అందులోనికి కొట్టి బిగింతురు. 1970వ దశకమున అమెరికాలో అల్యూమినియము మెడ గల గిటార్లు వచ్చినవి. వానిలోను మెట్టు గాడిలోనిదే. అరిగినచో ఊడబెరికి, అదే గాడిలో క్రొత్తది దింపుదురు. చోటు ముందే నిర్ణయమైనది. వీణలో గాడి లేదు. పాత మెట్టు తీసిన క్షణముననే దాని చోటును పోవును. క్రొత్త మెట్టుతోపాటు స్వరస్థానమును క్రొత్తగా వెదకి పట్టుకొనవలెను. కనుక ఇది మరమ్మతు మాత్రమే కాదు. వీణకు మరల స్వరము నేర్పుట.

మేళ మను మాటకు మన శాస్త్రములో పెద్ద చరిత్ర కలదు. విజయనగర కాలమువాడైన రామామాత్యుడు 1550లో రచించిన స్వరమేళకళానిధిలో, అన్ని రాగములకును చాలునట్లు మెట్లు కట్టిన వీణను, ఒక్కొక్క రాగమునకు మెట్లు మార్చు వీణను వేరువేరుగా వర్ణించినాడు. తంజావూరును 1600 మొదలు 1634 వరకు పాలించిన రఘునాథ నాయకుని కాలమున 24 మెట్ల వీణ స్థిరపడినదని సంప్రదాయము. ఆయన తెలుగు కవియు, వైణికుడును.

మెట్లు ఏల అరుగును? తీగ ఉక్కు, మెట్టు ఇత్తడి. గట్టిది మెత్తనిదానిని తినును. పైగా వీణలో గమకము కొరకు తీగను మెట్టువెంట ప్రక్కకు లాగుదుము. కావున అరుగుదల ఒక చుక్కగా నుండక, కాలిబాటవలె పొడవుగా పడును. మెట్టు అరిగి పల్లమైనచో తీగ ముందరి మెట్టుకు తగిలి జీర పుట్టును. మైనమునకు శత్రువు వేడి. తేనెమైనము దాదాపు 62 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద కరగును; మెత్తబడుటకు అంత వేడి అక్కరలేదు. మా వీణ ఏండ్ల తరబడి పడమటి కిటికీ ప్రక్క నుండెను. మధ్యాహ్నపు టెండకు మైనము మెత్తబడి, తీగ నొక్కిన ప్రతిసారియు మెట్టు రవ్వంత ఒరిగినది. అది పిల్ల తప్పిదమైనది!

ఇక పని తీరు. ఆ పనివారు పాత మెట్లను తీసి, మైనమును గీచివేసి, దండిని శుభ్రము చేసిరి. తేనెమైనములో గుగ్గిలము, బొగ్గుపొడి కలిపి కాచి, పిసికి, గట్లు వేసిరి. తీగలు బిగించి, శ్రుతి చేసి, ఆ పిమ్మటనే మెట్టు చేతబట్టిరి. శ్రుతి లేనిదే చోటు తెలియదు గదా!

లెక్క ప్రకారము చోట్లు సులభమే. తీగ పొడవులో సగమున పండ్రెండవ మెట్టు, పై షడ్జమము. గుర్రము నుండి మూడింట రెండు వంతుల దూరమున ఏడవ మెట్టు, పంచమము. నాల్గింట మూడు వంతుల దూరమున అయిదవ మెట్టు, శుద్ధమధ్యమము. కాని వ్రేలు నొక్కగానే తీగ బిగువు పెరిగి స్వరము కొంచెము హెచ్చును. ఎంత హెచ్చునో మెట్టు ఎత్తునుబట్టి, తీగ లావునుబట్టి మారును. ఆ కొంచెమును కొలబద్ద చెప్పదు, చెవియే చెప్పవలెను.

అప్పుడాయన మా పిల్లను పిలిచి దగ్గర కూర్చుండబెట్టుకొనిరి. మెట్టును మైనముపై నిలిపి, మీటి, "ఇక్కడేనా అమ్మా?" అని అడిగిరి. పిల్ల మొదట మావైపు చూచినది. మేము మాటాడలేదు. "కొంచెం పైకండీ" అనినది. ఆయన జరిపి, మరల మీటి, తల యూపిరి. అట్లు 24 మెట్లును ఆయన చేతితో, ఆ పిల్ల చెవితో నిలిచినవి. సాయంకాలమునకు ఆమె ముఖము చూచి, రెండేండ్లుగా మే మేమి పోగొట్టితిమో తెలిసికొంటిమి.

బొబ్బిలి దగ్గరి గొల్లపల్లిలో పనసకర్రతో వీణలు చేయు కుటుంబములు తరతరములుగా కలవు, నూజివీడులోను కలవు. మేళము కట్టుట చేతితో నేర్చి, చెవితో ముగించు విద్య. మరలతో బిగించు మెట్లు గల వీణలును ఇప్పుడు వచ్చినవి. వానికి ఎండ భయము తక్కువ. కాని మన ఇండ్లలో నున్నవి మైనపు వీణలే. పిలుచువారు తగ్గినకొలది పిలువదగినవారును తగ్గుదురు.

కనుక, వీణగల గృహస్థులకు మా మనవి: వీణను ఎండకును, పొయ్యి వేడికిని దూరముగా నుంచుడు. వాయించిన పిదప తీగలను, మెట్లను పొడిగుడ్డతో తుడువుడు. పండ్రెండవ మెట్టుమీద మీటి, విడితీగకు సరియైన పై షడ్జమము పలుకుచున్నదేమో అప్పుడప్పుడు వినుడు. పలుకనిచో పనివారిని పిలిపింపుడు. అంతకు ముందు మాత్రము పిల్లల చెవిని శంకింపవలదు. మా ఇంటి గవిసెన యిప్పుడు పగలెల్ల చిలుకకొయ్యకు వ్రేలాడుచున్నది. రాత్రి మాత్రమే దానికి పని.