ఏళ్లతో తీర్చే అప్పు



మాది ఖరగ్‌పూర్. శ్రీకాకుళం నుంచి బెంగాల్ నాగపూర్ రైల్వేలో పనికి వచ్చి స్థిరపడిన కుటుంబం. రైల్వే మాకు క్వార్టరిచ్చింది, ఆసుపత్రినిచ్చింది, ఊరెళ్లడానికి పాసులిచ్చింది. నాన్న రిటైరయ్యాక ఆ ఇల్లు ఖాళీ చేసి ఊళ్లోనే ఇందా ప్రాంతంలో అద్దెకు దిగాం. ఆ ఉదయం అమ్మ గడపకు చివరిసారి పసుపు రాసి, దండం పెట్టి, తాళంచెవి నాన్న చేతిలో పెట్టింది. ఆయన ముఖంలో దిగులు లేదు. ఇచ్చినదానికి తన డ్యూటీలతో ఎప్పటికప్పుడు బాకీ తీర్చిన మనిషి ఆయన.

ఈరోజు పట్టా అందుకున్న యువ దంతవైద్యులైన మీలో చాలామంది సైన్యంలో చేరాలా అని అడుగుతున్నారు కనుక ఇది చెప్పాను. అక్కడా ఇచ్చినదానికి కొలువుతోనే బాకీ తీర్చాలి. 1941లో ఏర్పడిన ఆర్మీ డెంటల్ కోర్ బీడీఎస్ చదివినవారిని నీట్ ఎండీఎస్ మార్కులు, ఇంటర్వ్యూ ఆధారంగా షార్ట్ సర్వీస్‌లోకి తీసుకుంటుంది. చేరగానే కెప్టెన్ హోదా. మొదట 5 ఏళ్లు, పొడిగిస్తే మొత్తం 14 ఏళ్లు.

అమెరికాలో పద్ధతి వేరు. అక్కడి పౌరులైన మన పిల్లలు ఎంపికైతే, సైన్యం డెంటల్ కాలేజీ ఫీజు మొత్తం కట్టి, నెలనెలా భృతి ఇస్తుంది. నాలుగేళ్లు చదివిస్తే నాలుగేళ్లు యూనిఫాంలో పనిచేయాలి. సైన్యంలోనే స్పెషాలిటీ శిక్షణ పొందితే ఆ బాకీ ఇంకా పెరుగుతుంది. పైగా ఏ స్పెషాలిటీ, ఎప్పుడు, ఏ ఊళ్లో అన్నది వాళ్ల ఇష్టంతో పాటు సైన్యం అవసరాన్ని బట్టి తేలుతుంది.

అందుకే సంతకానికి ముందు రూపాయలతో పాటు ఏళ్లు కూడా లెక్కపెట్టండి. స్పెషలిస్టు అయ్యేనాటికి మీ వయసెంత? అప్పటికి అమ్మానాన్నల వయసెంత? మీతో ఊరూరా తిరగడానికి జీవిత భాగస్వామి సిద్ధమేనా? ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది: పైసా ఇవ్వకపోయినా ఈ కొలువు చేయాలనిపిస్తుందా? సరిహద్దులో పంటి నొప్పితో రాత్రంతా నిద్రలేని జవాను మీ కుర్చీలో కూర్చుంటే, ఇందుకే చదివాననిపిస్తుందా?

అనిపిస్తే నిశ్చింతగా చేరండి, అంతకన్నా గౌరవం లేదు. కేవలం అప్పు భయంతోనైతే ఆగండి. బ్యాంకు అప్పు డబ్బుతో తీరుతుంది. సైన్యానికి పడే ఈ అప్పు మాత్రం వయసుతోనే తీరుతుంది.

ఏ దారి ఎంచుకున్నా, తాళంచెవి తిరిగిచ్చే రోజున మా నాన్నలా తలెత్తుకుని నడవండి. శుభం.