కన్నులకును విశ్రాంతి వలయును

(పాఠశాల వార్షికోత్సవ సందర్భమున తల్లిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగ పాఠము)



ఇట్టి సభలలో పరీక్షాఫలితములను గూర్చియు, మాతృభాషను గూర్చియు మాటలాడుట వాడుక. ఈ యేడు మేము కన్నులను గూర్చి నాలుగు మాటలు చెప్పదలచితిమి. దానికి కారణము కలదు.

ఈ హోసూరు ప్రాంతమున మన తెలుగు కుటుంబములవారు పలువురు ఒకప్పుడు సేద్యమును, వర్తకమును నమ్ముకొని యుండిరి. నేడు మీలో అనేకులు తెల్లవారగనే బస్సెక్కి, బెంగుళూరి కార్యాలయములకు పోయి, దినమంతయు కంప్యూటరు ముందు కూర్చుండి, చీకటిపడిన పిదప ఇల్లు చేరుచున్నారు. కన్నుల మంట, తలనొప్పి, మెడనొప్పి, సాయంకాలమునకు చూపు మసకబారుట, ఇవి మీరు మాతో తరచుగా చెప్పుకొను బాధలు.

మాకును ఇవి అనుభవమే. తెలుగు ప్రశ్నపత్రములను మా పాఠశాలలో మేమే కంప్యూటరుపై కూర్చుకొనుచున్నాము. మన లిపిలో ద, ధ లకు భేదము ఒక చిన్న గీత మాత్రమే; ఒత్తులు అంతకంటె సూక్ష్మములు. వానిని సరిచూచుచు వరుసగా కొన్ని రాత్రులు పది గంటల వరకు కూర్చుంటిమి. ఒకనాటి ఉదయమున వార్తాపత్రికలోని పంక్తులు అలికినట్లు తోచెను. చూపు పోవుచున్నదేమో యని భయపడి కంటివైద్యులయొద్దకు పోయితిమి. వారు పరీక్షించి, “మీ కన్నులకు రోగము లేదు, విశ్రాంతి లేదు” అనిరి.

ఇందలి కారణములు రెండు. మనము సామాన్యముగా నిమిషమునకు సుమారు 15 మార్లు రెప్ప వేయుదుము. తెరను తదేకముగా చూచునపుడు ఇది సగమునకో, అంతకంటె తక్కువకో తగ్గును. అందువలన కంటిమీది నీటిపొర ఆరిపోయి మంట పుట్టును. రెండవది, దగ్గరి వస్తువును చూచునపుడు కంటిలోని ఒక చిన్న కండరము బిగిసియుండును. పిడికిలి గంటలకొలది బిగించియుంచినచో చేయి నొప్పి పుట్టదా? ఇదియు నట్టిదే. దూరపు చూపే ఆ కండరమునకు విశ్రాంతి.

ఈ బాధ కంప్యూటరుతో పుట్టినది కాదు. 1700 సంవత్సరమున ఇటలీ దేశపు వైద్యుడు బెర్నార్డినో రమజ్జీని, వృత్తులవలన కలుగు రోగములను గూర్చి వ్రాసిన గ్రంథమున, సూక్ష్మమైన పనులు చేయువారి కంటిబాధను ప్రస్తావించి, మధ్యమధ్య పని విడిచి చూపును ఇతర వస్తువులపై త్రిప్పుకొనవలెనని చెప్పెను. నేటి వైద్యులును అదే చెప్పుచున్నారు. 20 నిమిషముల కొకసారి, 20 అడుగులకు తక్కువ కాని దూరమున నున్న వస్తువును, 20 సెకనులు చూడవలెను. మన ఊరివారికి చంద్రచూడేశ్వరుని కొండ యున్నది. కార్యాలయమున కిటికీ అవతలి చెట్టైనను చాలును. చూచునపుడు రెప్పలను నిండుగా నాలుగైదు మార్లు మూసి తెరువుడు.

తెర మీకు చేయిచాపు దూరమున నుండవలెను. దాని పై అంచు కన్నుల మట్టమునకు కొంచెము దిగువగా నుండవలెను. కిటికీ వెలుగు ప్రక్కనుండి రావలెను గాని, ఎదుటినుండియు వెనుకనుండియు రారాదు. ఫ్యాను గాలి, ఏసీ గాలి ముఖమునకు సూటిగా తగులరాదు. అక్షరములను పెద్దవి చేసికొనుటలో చిన్నతనము లేదు.

నలుబది దాటినవారికి చత్వారము సహజము. పుస్తకమునకు తగిన అద్దములు కంప్యూటరు దూరమునకు తగకపోవచ్చును. రెండు భాగముల అద్దములు గలవారు తెరను చూచుటకు గడ్డము పైకెత్తుటచేత మెడ నొచ్చును. తెర ఎంత దూరమున నున్నదో టేపుతో కొలిచి వైద్యులతో చెప్పుడు. నీలికాంతిని ఆపునని అమ్ము అద్దములకై అధిక ధనము వెచ్చింపనక్కరలేదు. వానివలన కంటి అలసట తగ్గునని 2023లో వెలువడిన కోక్రేన్ సమీక్షలో రుజువు కనబడలేదు. దుకాణములో అడిగి ఏదో యొక కంటిమందు వేసికొనరాదు. స్టీరాయిడ్ గల చుక్కలు కంటిలో ఒత్తిడిని పెంచి చూపునే చెరుపవచ్చును.

ఇక పిల్లల మాట. గత సంవత్సరము ఆరవ తరగతి బాలిక ఒకతె తెలుగు వ్రాతలో ఒత్తులన్నియు విడిచిపెట్టుచుండెను. ఇంట భాషపై శ్రద్ధ లేదని తలచి మేము మూడు నెలలు కోపపడితిమి. ప్రగతిపత్రములో “అశ్రద్ధ” అనియు వ్రాసితిమి. ఎత్తుగా నున్నదని ఆమెను వెనుక బల్లమీద కూర్చుండబెట్టినదియు మేమే. తుదకు పరీక్షింపగా, ఆమెకు దూరపు చూపు చాలదని తేలినది. కండ్లజోడు పెట్టుకొని వచ్చిన దినమున ఆ బిడ్డ నల్లబల్లను చూచి, “సార్, ఒత్తులు కనబడుచున్నవి” అనెను. ఆ మాటకు మేము తలవంచుకొంటిమి. ప్రగతిపత్రములోని ఆ పదమును మా చేతులతోనే కొట్టివేసితిమి.

బిడ్డలకు వెలుతురులో ఆట అవసరము. తైవాను దేశమున 2010 మొదలుకొని పాఠశాల పిల్లలను దినమునకు రెండు గంటలు ఆరుబయట నుంచు ప్రయత్నము చేసిరి. ఏటేట పెరుగుచుండిన దృష్టిలోపము అటుపిమ్మట కొంత తగ్గుముఖము పట్టెను. మా వంతుగా, ఇకమీదట ఆటల పీరియడును లెక్కల పాఠమునకు వాడుకొనము. మీ వంతుగా, మీరు ఇంటికి వచ్చిన పిదప సెల్‌ఫోను ప్రక్కన బెట్టి, చీకటి పడకున్న దినములలో బిడ్డతో వీధిలోనికి నడువుడు. ఆ నడక మీ కన్నులకును మందే.

ఈ రాత్రియే గోడకాలెండరును గది ఆ చివరినుండి, ఒక కన్ను మూసి ఒక కంటితో, మీ బిడ్డచేత చదివింపుడు. తడబడినచో కోపపడక వైద్యుని చూపింపుడు. మేము చేసిన పొరపాటు మీరు చేయకుందురుగాక.