ప్యాకెట్ టిఫిన్‌లో కనిపించని గోధుమ

ఇడ్లీ, పెసరట్టు, రాగిజావ. గుంటూరు, ప్రకాశం జిల్లాల పొద్దుటి తిండిలో గోధుమ ఊసే లేనివి ఎన్నో. పెసరట్టులో ఉప్మా పెడితే మాత్రం బొంబాయి రవ్వ వచ్చినట్టే, అది గోధుమే.

గోధుమ, బార్లీల్లోని గ్లూటెన్ అనే ప్రోటీన్ సీలియాక్ జబ్బున్నవారి చిన్నపేగును దెబ్బతీస్తుంది. పిల్లల్లో ఎదుగుదల మందగిస్తుంది, రక్తహీనత వస్తుంది. జీవితాంతం గ్లూటెన్ మానడమే వైద్యం.

అందుకే జొన్నరవ్వ, కొర్రల ఉప్మా మిక్స్ ప్యాకెట్లు కొంటాం. కానీ అదే యంత్రంలో అంతకుముందు గోధుమ పట్టి ఉంటే? ‘గ్లూటెన్ రహితం’ అని అచ్చువేయాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములు మించకూడదని మన ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ నిబంధన. ‘చిరుధాన్యాలు’ అన్న మాటకు ఆ హామీ లేదు. ప్యాకెట్ వెనక ‘గోధుమ ఉండవచ్చు’ అన్న చిన్న అక్షరాలు తప్పక చదవండి. ఓట్స్‌లో గోధుమ గింజలు కలుస్తుంటాయి. కార్న్‌ఫ్లేక్స్‌లో చాలాసార్లు బార్లీ మాల్ట్ ఉంటుంది. సాంబారు పొడిలోని ఇంగువలోనూ గోధుమపిండి కలిపే అలవాటుంది.

ఊరి పిండిమరలోనూ ఇదే చిక్కు. ముందు గుప్పెడు బియ్యం పట్టిస్తే చాలనుకోవద్దు. రాళ్ల మధ్య పిండి పూర్తిగా పోదు. గింజలే కొని, ఏరి, కడిగి, ఆరబెట్టి ఇంట్లో మిక్సీ పట్టుకోవడం మేలు.

జబ్బు అనుమానముంటే రక్తపరీక్ష కాకముందే గోధుమ మానేయకండి. మానేస్తే పరీక్షలో జబ్బు బయటపడకపోవచ్చు.