పూట తప్పని మాత్ర

ఇవాళ పట్టా పుచ్చుకుంటున్న యువ వైద్యులారా,

1967 డిసెంబరు 3న కేప్‌టౌన్‌లో క్రిస్టియాన్ బర్నార్డ్ తొలి గుండె మార్పిడి చేశారని మీరంతా చదివారు. ఆ తర్వాత మూడు రోజులకే బ్రూక్లిన్‌లో ఏడ్రియన్ కాంట్రోవిట్జ్ మూడు వారాలైనా నిండని పసిగుడ్డుకు గుండె మార్చారు. ఆ బిడ్డ కొన్ని గంటలే బతికింది. కుట్టే చెయ్యి ఆనాటికే ఉంది. పరాయి గుండెను ఒంటికి మాలిమి చేసే సరైన మందే లేదు. సైక్లోస్పోరిన్ చేతికొచ్చాక, 1980లలో గానీ ఎక్కువమంది పిల్లలు బతికి బట్టకట్టలేదు.

ఆపరేషన్ ఒక రాత్రి పని. ఆ రాత్రి ఇంకోచోట ఒక తల్లి గుండె రాయి చేసుకుని, తన బిడ్డ గుండెను ఇస్తూ సంతకం పెట్టి ఉంటుంది. ఆ గుండెను నిలబెట్టేది ఆ తర్వాతి ఏళ్లు. పొద్దున ఎనిమిదికి ఒళ్లు ఆ గుండెను తోసేయకుండా కాచే టాక్రోలిమస్ మాత్ర, మళ్లీ రాత్రి ఎనిమిదికి. పెళ్లిలో ఉన్నా, రైల్లో ఉన్నా అంతే. మార్చిన గుండెకు నరాలు తెగి ఉంటాయి కనుక రక్తనాళాలు పూడుకుపోతున్నా నొప్పి తెలియకపోవచ్చు. బిడ్డ నవ్వుతూ వచ్చినా సరే, ఎకో తియ్యాలి, వేళకు యాంజియోగ్రామ్, బయాప్సీ చెయ్యాలి.

నా తప్పొకటి చెబుతాను. పదిహేనేళ్ల అబ్బాయి, రక్తంలో మందు బాగా తగ్గిపోయింది. మాత్రలు మానేశాడని తెలిసి, వాళ్లమ్మ ఎదుటే కేకలేశాను. వాడు తలెత్తలేదు. నేను వెళ్లాక నర్సమ్మ పక్కన కూర్చుని, "బళ్లో ఎవరన్నా ఏమన్నా అన్నారా నాన్నా?" అని అడిగిందట. అప్పుడు చెప్పాడు వాడు: స్టెరాయిడ్‌కు మొహం ఉబ్బింది. క్లాసంతా 'బూరెబుగ్గలు' అని పిలుస్తున్నారు. అది అడగాల్సింది నేను. ఈ వయసు పిల్లల్లో మందు మానేయడమే గుండెకు పెద్ద గండమని పాఠాలు చెప్పే నేను, ఎందుకు మానాడో అడగలేదు.

తర్వాత బయాప్సీలు చూసుకుంటూ స్టెరాయిడ్ మెల్లగా తగ్గించాం. మాత్రల లెక్క అమ్మ చేతినుంచి వాడి చేతికి మార్చాం. ఇప్పుడు కాలేజీకి వెళ్తున్నాడు. రక్తపరీక్ష రోజున పొద్దుటి మాత్ర వేసుకోకుండా, డబ్బీ జేబులో పెట్టుకుని వస్తాడు. రక్తం తీయించుకుని, మోచేతి మీద దూది అదుముకుంటూనే, ఒంటిచేత్తో మూత తీసి మాత్ర నోట్లో వేసుకుంటాడు.